నోటిదాకా వచ్చిన 27 గజాలు

అమెరికాకి వచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో జనవరి అంటే రెండే పనులు. సంక్రాంతి పిండివంటలు, ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లేఆఫ్స్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లో సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌లు. పండగ ఏటా ఎలాగోలా బాగానే జరిగిపోతుంది. ప్లేఆఫ్స్ మాత్రం ఏడిపించకుండా వదలవు. మూడు టచ్‌డౌన్ల తేడాతో చిత్తుగా ఓడిపోతే నాకు పెద్ద బాధ ఉండదు, టీవీ కట్టేసి లేచిపోతాను. నాకు రాసిపెట్టిన ఓటములు వేరే రకం. చివరి నిమిషంలో, గోల్ పోస్టుల ముందు, ‘ఇంత దగ్గర్నుంచి ఎవడైనా కొడతాడు’ అనుకునే చోట వ్యవహారం చెడుతుంది. నోటిదాకా వచ్చిన కూడు జారిపోవడం అని మా నాయనమ్మ అంటుండేది కదా, అచ్చం అదే.

ఆట పరిచయం లేనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. బంతిని గోల్ గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. అక్కడిదాకా వెళ్లలేకపోయినా, మూడు పాయింట్లు చాలు అనుకున్నా, బంతిని పోస్టుల మధ్యనుంచి తన్నుతారు. అదే ఫీల్డ్ గోల్. స్నాపర్ వంగి, తన కాళ్ల మధ్యనుంచి బంతిని ఏడెనిమిది గజాలు వెనక్కి విసురుతాడు. అక్కడ హోల్డర్ మోకాలు నేలకి ఆనించి కాచుకుని ఉంటాడు. బంతిని పట్టి, నిలబెట్టి, దాని మీద లేసులు గోల్ వైపుకి ఉండేలా వేలితో తిప్పుతాడు. కిక్కర్ అప్పటికే కదిలి వచ్చేస్తుంటాడు. ఇదంతా ఒకటిన్నర సెకను లోపే అయిపోవాలి, లేకపోతే అవతలివాళ్లు వచ్చి మీద పడతారు. పోస్టులుండేది గోల్ గీతకి పది గజాలు వెనక, వాటి మధ్య వెడల్పు పద్దెనిమిదిన్నర అడుగులు. దూరం 30 గజాల లోపు ఉంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తప్పేవాళ్లు చాలా అరుదు. అందుకే అలాంటి కిక్ వచ్చినప్పుడు టీవీ ముందున్నవాళ్లు సగం మంది ప్లేట్లు తీయడానికి లేచిపోతారు.

నేను ఈ ఆట నేర్చుకున్నది టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో. అప్పటికే మనవాళ్లు ఎంతమంది ఉండేవారంటే అపార్ట్‌మెంట్ మెట్లు దిగుతుంటే ఒక్కో తలుపు దగ్గర ఒక్కో పోపు వాసన వచ్చేది. డాలస్ కౌబాయ్స్ ఆడే టెక్సస్ స్టేడియం ఆ ఊళ్లోనే ఉండేది. దాని పైకప్పు మధ్యలో పెద్ద కంత. తన సొంత టీము ఆట చూసుకోవడానికి దేవుడే ఆ కంత పెట్టించుకున్నాడని అక్కడివాళ్ల జోకు. మా రూమ్మేట్ ఒకడు, వరంగల్ కుర్రాడు, రూల్స్ అన్నీ క్రికెట్ భాషలో నూరిపోశాడు. నాలుగు డౌన్లంటే నాలుగు బంతులు, పది గజాలంటే టార్గెట్, కొట్టావా మళ్లీ నాలుగు బంతులు. అంతకన్నా బాగా చెప్పిన కోచ్‌ని నేనింతవరకూ చూడలేదు.

2006 సీజన్ మధ్యలో కౌబాయ్స్ తమ క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆటంతా నడిపించేవాడు) డ్రూ బ్లెడ్సోని పక్కన పెట్టి టోనీ రోమోని దింపారు. కొత్త ఆటగాళ్లని టీములు ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని ఆటగాడు. ఒక్కసారిగా హీరో అయిపోయాడు. మామూలుగా మెయిన్ క్వార్టర్‌బ్యాక్‌తో హోల్డర్ పని చేయించరు. కానీ రోమో బెంచి మీద ఉన్నప్పటినుంచీ ఆ పని చేస్తున్నాడు కాబట్టి హీరో అయ్యాక కూడా కొనసాగించారు.

కిక్కర్ల విషయంలోనూ ఆ ఏడాది ఒక కథ నడిచింది. మైక్ వాండర్‌జాట్ అని, అప్పటికి లీగ్ చరిత్రలోనే గురి తప్పనివాళ్లలో మొదటివాడుగా లెక్కల్లో ఉన్నవాడు. 2006 జనవరిలో ఇండియానాపొలిస్ కోల్ట్స్ తరఫున, సొంత స్టేడియంలో, పైకప్పు కింద, చివర్లో 46 గజాల కిక్ తప్పాడు. కోల్ట్స్ పిట్స్‌బర్గ్ చేతిలో 21-18 తేడాతో ఇంటికెళ్లారు. అతన్ని కౌబాయ్స్ తెచ్చుకున్నారు. ఇక్కడా తడబడుతుంటే నవంబర్‌లో సాగనంపి, అర్జెంటీనాలో పుట్టిన మార్టిన్ గ్రమాటికాని పెట్టుకున్నారు. ప్లేఆఫ్స్‌లో కిక్కర్ వల్ల కొంప మునగకూడదని ఇన్ని జాగ్రత్తలు పడ్డారన్నమాట.

2007 జనవరి 6, శనివారం రాత్రి. సియాటిల్‌లో మ్యాచ్. మా హాల్లో సోఫా ఒకటే, జనం మాత్రం గోడ దాకా. చివరి క్వార్టర్‌లో కౌబాయ్స్ ముందున్నట్టే ఉండి వెనకబడ్డారు, 21-20. రోమో టీముని గోల్ గీత దగ్గరి దాకా లాక్కొచ్చాడు. జేసన్ విటెన్ పట్టిన పాస్‌కి ముందు ఫస్ట్ డౌన్ ఇచ్చారు, మళ్లీ నాలుగు బంతులన్నమాట. రీప్లే చూసి, గజం తక్కువైందని వెనక్కి తీసుకున్నారు. సరే, ఫీల్డ్ గోల్ తన్నేద్దాం. దూరం 19 గజాలు. అంతకన్నా దగ్గర్నుంచి తన్నడం దాదాపు కుదరదు. గడియారంలో ఇంకా నిమిషం పైచిలుకు ఉంది. మా వరంగల్ కుర్రాడు అప్పటికే వచ్చే వారం మ్యాచ్ ఎవరింట్లో చూడాలా అని ప్లాన్ చేస్తున్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

స్నాప్ చక్కగా వచ్చింది. రోమో పట్టాడు, నేల మీద నిలబెట్టబోయాడు, బంతి చేతుల్లోంచి జారింది. గ్రమాటికాకి తన్నడానికి బంతే లేదు. రోమో దాన్ని తీసుకుని ఎడమవైపు పరుగెత్తాడు. గీత కళ్లముందే ఉంది. వెనకనుంచి జోర్డన్ బాబినో దూకి పడేశాడు. రెండు గజాల దూరం.

ఎవరూ అరవలేదు. వరంగల్ కుర్రాడు రిమోట్ తీసుకుని, మ్యాచ్ ఇంకా మిగిలి ఉండగానే, ఏదో తెలుగు సినిమా డీవీడీ పెట్టేశాడు.

సరిగ్గా అప్పుడే ఫోను. మా మేనత్త కొడుకు బెల్‌వ్యూలో ఉంటాడు, సియాటిల్ పక్కనే. నాకంటే రెండేళ్లు పెద్ద. ఫోనెత్తితే ఆట ఊసే లేదు. “ఏం బామ్మర్దీ, భోంచేశావా? ఏం కూర?” అంటాడు. పప్పు అని చెప్పాను. “పప్పా... మంచిది మంచిది, తేలిగ్గా అరుగుతుంది” అన్నాడు. అంతే, పెట్టేశాడు. బావలు ఇలాంటి విద్యలు ఎక్కడ నేర్చుకుంటారో నాకు తెలియదు.

కిక్‌లకి వాడే బంతులు వేరేగా ఉంటాయి, అవి కొత్తవి కాబట్టి నున్నగా ఉంటాయి, అందుకే జారిందని తర్వాత చాలారోజులు డాలస్‌లో చర్చ నడిచింది. ఏమైతేనేం, కౌబాయ్స్ కోచ్ బిల్ పార్సెల్స్‌కి అదే ఆఖరి మ్యాచ్ అయింది. ఆ నెలలోనే తప్పుకున్నాడు. ఇక్కడ ఒక తమాషా ఉంది. 1991 జనవరిలో సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, జరిగినప్పుడు న్యూయార్క్ జెయింట్స్ కోచ్ ఈయనే. ఆ రోజు బఫలో కిక్కర్ స్కాట్ నార్‌వుడ్ ఆఖరి క్షణాల్లో తన్నిన 47 గజాల కిక్ కుడివైపు బయటికి పోయింది కాబట్టి 20-19తో గెలిచాడు. ఒక్క పాయింటుతో వచ్చింది, ఒక్క పాయింటుతో పోయింది. లెక్క సరిపోయిందని బావ వాదన. నేను ఒప్పుకోను. నార్‌వుడ్‌ది గడ్డి మీద 47 గజాలు, కష్టమైన కిక్. 19 గజాలకి, దానికి పోలికేమిటి?

ఆ తర్వాత ప్రాజెక్ట్ మారి, పెళ్లయి, మిన్నెసోటా చేరాను. ఈడెన్ ప్రెయిరీలో ఇల్లు. ఊరు మారితే టీము మారడం తప్పని నా స్నేహితులంటారు కానీ, రోజూ ఆఫీసులో ఊదారంగు జెర్సీల మధ్య కూర్చుని ఎన్నాళ్లని కౌబాయ్స్ అంటాం? వైకింగ్స్ అయిపోయాను. దురదృష్టంలో కౌబాయ్స్ అభిమానులు మహా అయితే ఇంటర్మీడియట్. వైకింగ్స్ వాళ్లు పీహెచ్‌డీ. నాలుగు సూపర్ బౌల్స్ ఆడి నాలుగూ ఓడిన టీము అది. నాలుగింటికీ బడ్ గ్రాంట్ అనే ఒకే కోచ్.

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవాడు, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డవాడు, పుట్టి పెరిగింది మిన్నెసోటాలోనే. ఒకరోజు లంచ్‌లో 1998 సీజన్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. తినడం మానేసి మరీ చెప్పాడు. ఆ ఏడాది వైకింగ్స్ 15 గెలిచి ఒక్కటే ఓడారు. 556 పాయింట్లు చేశారు, అప్పటికి అదే లీగ్ రికార్డు. స్టార్ ఆటగాడు ర్యాండీ మాస్‌కి అదే మొదటి ఏడాది. కిక్కర్ గ్యారీ ఆండర్సన్, దక్షిణాఫ్రికాలో పుట్టినవాడు, ఆ సీజన్ మొత్తం మీద 35 ఫీల్డ్ గోల్స్‌కి 35, టచ్‌డౌన్ తర్వాత తన్నే ఎక్స్‌ట్రా పాయింట్లు 59కి 59. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు.

1999 జనవరి 17న వైకింగ్స్ సొంత స్టేడియం మెట్రోడోమ్‌లో అట్లాంటా ఫాల్కన్స్‌తో మ్యాచ్. గెలిస్తే సూపర్ బౌల్. వైకింగ్స్ 27-20తో ముందున్నారు, రెండు నిమిషాల ఆట ఉంది. ఆండర్సన్ ముందు 40 గజాల లోపు కిక్. అది పడితే పది పాయింట్ల తేడా, ఇక మ్యాచ్ అయిపోయినట్టే. ఎడమవైపు బయటికి పోయింది. ఏడాదంతటికీ తప్పింది అదొక్కటే. నిమిషం లోపు మిగిలి ఉండగా అట్లాంటా టచ్‌డౌన్ చేసి సమం చేసింది. ఎక్స్‌ట్రా టైమ్‌లో మోర్టెన్ ఆండర్సెన్ అనే డెన్మార్క్ వాడు 38 గజాలనుంచి తన్ని 30-27తో గెలిపించాడు. పేర్లు చూడండి. ఆండర్సన్ తప్పాడు, ఆండర్సెన్ కొట్టాడు. కథల్లో రాస్తే ఎడిటరు కొట్టేస్తాడు.

పెద్దాయన ఆ రోజు స్టేడియంలోనే ఉన్నాడట. అప్పటినుంచి వైకింగ్స్ కిక్ తన్నేటప్పుడు టీవీ చూడడట. లేచి గరాజ్‌లోకి వెళ్లి నిలబడతాడట. ఎంత దూరమైనా సరే, ఏ మ్యాచ్ అయినా సరే.

నాకూ చెప్పడానికి ఒకటుంది కదా. సరిగ్గా అదే నెల, జనవరి 31. చెపాక్‌లో పాకిస్తాన్‌తో టెస్టు. గెలవడానికి 271. ఐదు వికెట్లు 82కే పోయాయి. సచిన్ నడుం నొప్పితో వంగిపోతూ 136 కొట్టాడు. స్కోరు 254 దగ్గర, ఇంకా 17 కావాలనగా, సక్లైన్ బౌలింగ్‌లో గాల్లోకి లేపాడు, వసీం అక్రమ్ పట్టాడు. మిగతా ముగ్గురూ కలిసి చేసింది నాలుగు పరుగులు. 12 పరుగులతో ఓడిపోయాం. మా ఊళ్లో మా వీధి చివర టీ కొట్టు దగ్గర నిలబడి విన్న మాట నాకింకా గుర్తుంది. “వాడు చివరిదాకా ఉండాల్సిందిరా” అన్నాడు ఒకాయన. మిగతా పదిమంది సంగతి ఎవరూ ఎత్తలేదు.

పెద్దాయనకి క్రికెట్ తెలియదు. 136 అంటే ఎంతో, నడుం నొప్పి అంటే ఏమిటో నేను వివరంగా చెప్పాక, కాసేపు ఆలోచించి, “అతన్నే తిట్టారా?” అని అడిగాడు. అవునన్నాను. తల ఊపి, తన శాండ్‌విచ్ మళ్లీ తినడం మొదలుపెట్టాడు. మా ఇద్దరికీ స్నేహం కుదిరింది ఆ రోజే.

ఇక 2016. జనవరి 10, ఆదివారం. మెట్రోడోమ్‌ని అప్పటికే కూల్చేశారు, కొత్త స్టేడియం ఇంకా పూర్తి కాలేదు. అందుకని రెండు సీజన్లు వైకింగ్స్ యూనివర్సిటీ వాళ్ల స్టేడియంలో, ఆరుబయట ఆడారు. ఆ మధ్యాహ్నం మ్యాచ్ మొదలయ్యేసరికి మైనస్ 21 సెల్సియస్. గాలితో కలిపితే మైనస్ 30కి కిందే. లీగ్ చరిత్రలో అంతకన్నా చలిలో జరిగిన మ్యాచ్‌లు రెండే. టాస్‌కి గౌరవ అతిథిగా బడ్ గ్రాంట్ వచ్చాడు. 88 ఏళ్ల మనిషి. కోటు లేదు, స్వెటర్ లేదు, పొట్టి చేతుల చొక్కా వేసుకుని మైదానం మధ్యలోకి నడిచొచ్చాడు. మా ఇంట్లో హీటర్ పక్కన దుప్పటి కప్పుకుని కూర్చున్నవాళ్లం సిగ్గుపడి దుప్పటి తీసేశాం. ఒక నిమిషంలో మళ్లీ కప్పుకున్నాం, అది వేరే విషయం.

ఎదుటి టీము సియాటిల్. ఇంకెవరుంటారు? డిసెంబర్‌లో ఇదే స్టేడియంలో 38-7తో మమ్మల్ని తొక్కేసి వెళ్లారు. అందుకే ఆశ పెద్దగా లేదు. పండగ నాలుగు రోజుల్లో ఉందని మా ఆవిడ, ఇంకో ఇద్దరు స్నేహితుల ఇళ్లనుంచి వచ్చిన వదినలు వంటింట్లో అరిసెలు మొదలుపెట్టారు. అమెరికాలో అరిసెలంటే పాకం ఒక్కటే సమస్య కాదు, పొగ అలారం ఇంకో సమస్య. నూనె కాగగానే కూత మొదలు. కిటికీ తీద్దామంటే బయట మైనస్ 21. మగవాళ్లం వంతులవారీగా కుర్చీ ఎక్కి, అలారం కింద తువ్వాలు ఊపుతూ, మెడ తిప్పి టీవీ చూస్తున్నాం.

మూడు క్వార్టర్లు అయ్యేసరికి ఎవరూ నమ్మలేని సంగతి, వైకింగ్స్ 9, సియాటిల్ సున్నా. ఆ తొమ్మిదీ ఒక్కడే చేశాడు, కిక్కర్ బ్లెయిర్ వాల్ష్. 22 గజాలు, 43, 47. ఆ చలిలో బంతి రాయిలా గట్టిపడి ఉంటుంది, అయినా మూడుకి మూడు. 2012లో వచ్చిన మొదటి ఏడాదే 50 గజాలు దాటినవి పది తన్ని రికార్డు పెట్టినవాడు. టచ్‌డౌన్ చేయడం మనవల్ల కాలేదు, వాల్ష్ మోస్తున్నాడు అనుకున్నాం.

నాలుగో క్వార్టర్‌లో సియాటిల్ స్నాప్ గతి తప్పి, వాళ్ల క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ని దాటి వెనక్కి పోయింది. అది మాకే దొరకాలి నిజానికి. అతను పరుగెత్తి, జారి, బంతి అందుకుని, లేచి, పక్కకి తప్పుకుని టైలర్ లాకెట్‌కి విసిరాడు. 35 గజాలు. పోయిన ఆటని వీధిలోంచి ఏరి తెచ్చుకున్నాడు. రెండు ఆటల్లో టచ్‌డౌన్. వెంటనే మా ఏడ్రియన్ పీటర్సన్ చేతిలోంచి సియాటిల్ ఆటగాడు కామ్ చాన్సలర్ బంతి లాగేశాడు. దాంతో సియాటిల్‌కి ఫీల్డ్ గోల్. 10-9. పీటర్సన్ అంటే అప్పటికి వైకింగ్స్‌కి దేవుడు. ఆ ఫంబుల్ గురించి ఈ రోజు మిన్నెసోటాలో ఎవరినైనా అడగండి, “ఆ... అదొకటి జరిగింది కదూ” అంటారు. వాల్ష్ కిక్ గురించి అడగండి, భోజనం చల్లారిపోతుంది.

ఆఖరి రెండు నిమిషాల్లో మా క్వార్టర్‌బ్యాక్ టెడ్డీ బ్రిడ్జ్‌వాటర్ టీముని నడిపించాడు. బంతి పట్టబోయేవాణ్ని అడ్డుకున్నందుకు చాన్సలర్ మీద పాస్ ఇంటర్‌ఫియరెన్స్ పెనాల్టీ పడింది. కైల్ రుడాల్ఫ్‌కి 24 గజాల పాస్ అందింది. బంతి పది గజాల గీత దగ్గరికొచ్చింది. గడియారాన్ని కరగనిచ్చి, 22 సెకన్లు ఉండగా వాల్ష్‌ని పిలిచారు. దూరం 27 గజాలు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. టచ్‌డౌన్ తర్వాత వేసే ఎక్స్‌ట్రా పాయింట్ మరీ తేలికైపోయిందని ఆ 2015 సీజన్ నుంచే లీగ్ దాన్ని వెనక్కి జరిపి 33 గజాలు చేసింది. అంటే వాల్ష్ ముందున్నది ఎక్స్‌ట్రా పాయింట్ కన్నా ఆరు గజాలు తక్కువ.

మా హాల్లో అప్పటికే పండగ. ఒకాయన లేచి కోటు వేసుకుంటున్నాడు, చీకటి పడకముందే పిల్లల్ని తీసుకుని బయల్దేరాలని. నేను బావ నంబరు తీసి ఫోను చేతిలో పట్టుకున్నాను, ఏం కూర అని అడగడానికి తొమ్మిదేళ్లుగా కాచుకుని ఉన్నవాణ్ని. వంటింట్లోంచి మా ఆవిడ అరిసెల చెక్కలు చేత్తో పట్టుకునే గుమ్మం దాకా వచ్చింది. రెండు చెక్కల మధ్య అరిసె నొక్కినది నొక్కినట్టే ఉంది, నూనె కింద గిన్నెలోకి కారుతోంది. నాకు ఆమె ముఖం కూడా కనిపిస్తూనే ఉంది, టీవీ పక్కనే కదా గుమ్మం. స్నాప్. హోల్డ్. వాల్ష్ కాలు. బంతి లేచిన క్షణంలోనే ఎడమకి తిరిగింది. అనుమానానికి కూడా చోటివ్వకుండా, అలా ఎడమ పోస్టు బయటికి వెళ్లిపోయింది.

మా ఆవిడ చెక్కలు ఇంకా నొక్కుతూనే ఉంది. ఆ అరిసె తర్వాత అప్పడంలా తేలింది. నూనె చుక్క లేదు. చాలా బాగుంది నిజానికి, దాన్ని ఎవరూ తినలేదన్నది వేరే సంగతి.

రీప్లేలో అందరికీ కనిపించింది. హోల్డర్ బంతిని నిలబెట్టినప్పుడు లేసులు వాల్ష్ వైపే ఉన్నాయి, తిప్పే సమయం లేకపోయింది. కాలికి ఎగుడుదిగుడు తగిలితే బంతి దారి తప్పుతుంది. ఆ సాకు వాల్ష్‌కి చేతికందేంత దగ్గర్లో ఉంది. లాకర్ గదిలో కళ్లు తుడుచుకుంటూనే విలేఖరుల ముందు నిలబడి, తప్పు తనదేనన్నాడు. హోల్డర్ మీదకి ఒక్క ముక్క తోయలేదు. నాకు అతని మీద గౌరవం పుట్టింది అక్కడే. తొమ్మిది పాయింట్లూ తనే చేసి, మైనస్ 21లో, ఒక్క పాయింటుతో ఓడిన పాపం కూడా తనే నెత్తినెత్తుకున్నాడు. టచ్‌డౌన్ ఒక్కటీ చేయలేకపోయిన పదకొండు మందిని ఎవరూ మైకు ముందు నిలబెట్టి అడగలేదు.

పెద్దాయన నుంచి సాయంత్రం మెసేజ్ వచ్చింది. గరాజ్‌లోనే ఉన్నాడట. పక్కింటివాళ్ల కేక వినపడుతుందని చెవులు రిక్కించి నిలబడితే ఏ కేకా రాలేదట. అర్థమైపోయి, అక్కడున్న పార తీసుకుని, వాకిట్లో ఊడ్చడానికి మంచు లేకపోయినా ఊడ్చుకుంటూ ఉండిపోయాడట.

బావ ఆ రాత్రి ఫోను చేయలేదు. మర్నాడూ చేయలేదు. భోగినాడు చేసి, పండగ శుభాకాంక్షలు చెప్పి, పిల్లల చదువులు అడిగి, ఇక పెట్టేస్తాననగా, “బామ్మర్దీ, అరిసెలు చేశారటగా?” అన్నాడు. మా అత్తయ్య ద్వారా వార్త వెళ్లింది.

కొన్ని రోజులకి పేపర్లో ఒక వార్త చూశాం. బ్లెయిన్ అనే శివారు ఊళ్లో, నార్త్‌పాయింట్ ఎలిమెంటరీ స్కూల్లో ఒకటో తరగతి పిల్లలు వాల్ష్‌కి ఉత్తరాలు రాశారు. ఒకసారి తప్పితే ఏం, పరవాలేదు అని, బొమ్మలు వేసి పంపించారు. వాల్ష్ ఆ స్కూలుకి వెళ్లి, ఆ పిల్లల మధ్య కూర్చున్నాడు. బఫలోలో నార్‌వుడ్ విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. సూపర్ బౌల్ ఓడి తిరిగొచ్చిన టీముని చూడటానికి ఊరంతా కూడలిలో చేరి, స్కాటీ కావాలి, స్కాటీ కావాలి అని అరిచి అతన్ని ముందుకి పిలిపించారు. అందరికీ అంత అదృష్టం ఉండదు. బాల్టిమోర్ కిక్కర్ బిల్లీ కండిఫ్ 2012 జనవరిలో న్యూ ఇంగ్లాండ్ మీద 32 గజాల కిక్ తప్పి, 23-20తో సూపర్ బౌల్ చేజారితే, తర్వాతి సీజన్ మొదలవకముందే పని పోగొట్టుకున్నాడు. అతని బదులు తీసుకున్న జస్టిన్ టకర్‌తో బాల్టిమోర్ ఆ సీజన్లోనే సూపర్ బౌల్ గెలిచేసింది. దాన్ని ఏమంటారో మీరే చెప్పండి.

వాల్ష్‌ని వైకింగ్స్ 2016 నవంబర్‌లో వదిలేశారు. తర్వాత అతన్ని ఎవరు తీసుకున్నారో తెలుసా? సియాటిల్. నేను నవ్వు ఆపుకోలేక బావకి ఫోను చేశాను. “మా అబ్బాయిని మీ చేతుల్లో పెడుతున్నాం, జాగ్రత్తగా చూసుకోండి” అని పెళ్లివారిలా చెప్పాను. 2017 నవంబర్‌లో వాషింగ్టన్‌తో మ్యాచ్‌లో వాల్ష్ మూడు కిక్‌లు తప్పాడు, సియాటిల్ 17-14తో ఓడింది. బావ ఫోను చేసి వాల్ష్‌ని నానా మాటలూ అంటుంటే నాకు కోపమొచ్చింది. “మీవాళ్లు మొత్తం మ్యాచ్‌లో చేసిందేముంది బావా, అన్నీ అతనే చేయాలా?” అని గట్టిగానే అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. “నువ్వు ఎవరి వైపురా?” అన్నాడు.

2018 జనవరి 14, భోగి. కొత్త స్టేడియంలో న్యూ ఓర్లీన్స్‌తో. వైకింగ్స్ కిక్కర్ కై ఫోర్‌బాత్ 53 గజాలనుంచి తన్ని ఆధిక్యం తెచ్చాడు. 27 పడని ఊళ్లో 53 పడింది! 25 సెకన్లుండగా వాళ్లు ఫీల్డ్ గోల్‌తో 24-23 చేశారు. తర్వాత పది సెకన్లు మిగిలి ఉండగా మా క్వార్టర్‌బ్యాక్ కేస్ కీనమ్ విసిరిన బంతిని స్టెఫాన్ డిగ్స్ గాల్లో ఎగిరి పట్టి, కిందపడకుండా నిలదొక్కుకుని, గీత దాకా పరుగెత్తాడు. 61 గజాలు, సమయం సున్నా. మిన్నెసోటాలో ఆ ఆట పేరు మినియాపొలిస్ మిరకిల్. మా హాల్లో తువ్వాలు ఊపుతున్నవాడు కుర్చీతో సహా కింద పడ్డాడు. దెబ్బ తగల్లేదు.

మ్యాచ్ అయిపోయినా అప్పటి రూలు ప్రకారం ఎక్స్‌ట్రా పాయింట్ ఆట ఆడాల్సి వచ్చింది. న్యూ ఓర్లీన్స్ వాళ్లు అప్పటికే లాకర్ గదికి వెళ్లిపోయారు. వాళ్ల పంటర్ (బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకి అప్పగించేవాడు) థామస్ మోర్‌స్టెడ్, ఆ రోజే పక్కటెముకల దగ్గర గాయమైనవాడు, అందరికన్నా ముందు తిరిగొచ్చి నిలబడ్డాడు. మా ఊరివాళ్లకి అది నచ్చేసి, అతను నడిపే సేవా సంస్థకి విరాళాలు పంపడం మొదలుపెట్టారు. రెండు లక్షల డాలర్లు దాటాయి. అతను ఆ డబ్బుని మిన్నెసోటా పిల్లల ఆసుపత్రికే తిరిగి ఇచ్చేశాడు.

ఆ ఎక్స్‌ట్రా పాయింట్ మాత్రం తన్నలేదు. కీనమ్ బంతి పట్టుకుని మోకాలు నేలకి ఆనించాడు, అంతే. పెద్దాయన అప్పటికి రిటైరయ్యాడు. గరాజ్‌లోంచి ఫోను చేశాడు. “తన్నకపోవడమే మంచిదైంది, లేకపోతే అదీ పోయేది” అన్నాడు.

మరుసటి ఆదివారం ఫిలడెల్ఫియా వెళ్లి 38-7తో ఓడిపోయారు. కిక్కర్‌కి చేయడానికి ఏమీ లేదు, తిట్టడానికీ ఎవరూ లేరు. మూడో క్వార్టర్‌లోనే టీవీ కట్టేసి, మిగిలిన జంతికలు డబ్బాలో పోసి, హాయిగా పడుకున్నాను.